స్పేసరా, కాయిల్ స్ప్రింగా: ఆఫ్‌రోడ్ బండి ఎత్తు పెంచే ముందు తేల్చుకోవలసిన సంగతులు

విజయవాడ ఆటోనగర్‌లో సస్పెన్షన్ పని చేసే ఏ షెడ్డు ముందు బండి ఆపినా మొదట వినిపించే ప్రశ్న "ఎన్ని అంగుళాలు లేపాలి?" అన్నదే. నా మారుతి జిమ్నీని తీసుకువెళ్లినప్పుడు నేను "ఒకటిన్నర" అని చెప్పి, 40 మిల్లీమీటర్ల స్పేసర్లు (స్ప్రింగ్ కొన దగ్గర పెట్టి బండిని లేపే మందపాటి ముక్కలు) వేయించుకుని సంతోషంగా ఇంటికి వచ్చాను. ఆరు నెలలు తిరిగేసరికి ఆ పనంతా విప్పించి, స్ప్రింగులూ, వాటి ఊపును ఆపే షాకబ్జార్బర్లూ కొత్తవి వేయించుకోవలసి వచ్చింది. స్పేసర్ పనికిమాలిన వస్తువని నేను అనను, తగిన బండికి అది చక్కగా పనిచేస్తుంది. నేను అడగవలసిన ప్రశ్నలు అడగకుండా అంగుళాల దగ్గర మొదలుపెట్టాను, పొరపాటు అక్కడ జరిగింది. బండి మీద ఎప్పుడూ ఉండే బరువు ఎంత, చక్రం కిందికి ఎంత దిగగలగాలి అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాత, ఎత్తు ఎంత అన్నది దానంతట అదే తేలుతుంది. ఈ మార్గదర్శిని ఆ వరుసలోనే రాస్తున్నాను.

ఇందులో చెప్పేది కాయిల్ స్ప్రింగులున్న బండ్లకు, అంటే మారుతి జిమ్నీ, 2020 నుంచి వస్తున్న మహీంద్రా థార్, థార్ రాక్స్, కొత్త ఫోర్స్ గూర్ఖా వంటి వాటికి వర్తిస్తుంది. జిప్సీకి నాలుగు చక్రాల దగ్గరా కమాన్ కట్టలే (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు). బొలెరోకూ, ఇసుజు వి-క్రాస్‌కూ వెనుక వైపు అవే. షాకిల్ మార్చడం, బ్లాకు పెట్టడం, కట్టలో అదనపు పట్టీ చేర్చడం వంటి కమాన్ పని పూర్తిగా వేరే విద్య. లారీల మీద చేయి తిరిగిన పనివాళ్లు ఆటోనగర్‌లో దానికి కొదవ లేకుండా ఉన్నారు.

మొదటి మెట్టు: ఎత్తు దేనికోసమో తేల్చుకోవడం

ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో బండికి కింద తగిలే చోట్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి కాలువ గట్ల మీదా, నల్లరేగడి పొలాల డొంకల్లోనూ ట్రాక్టర్ చక్రాలు తొక్కిన చాళ్లు. వర్షాకాలంలో లోతుగా దిగబడి, ఎండాకాలంలో ఇటుకలా గట్టిపడే ఆ చాళ్ల మధ్య మట్టి దిబ్బ వరుసగా నిలిచి ఉంటుంది. రెండోది కొండపల్లి చుట్టుపక్కల కనిపించే రాతి దారుల వంటివి. అక్కడ బండి పొట్ట, బంపర్ అంచులు, తలుపుల కింది అంచులు (సిల్లులు) రాళ్లను ఒరుసుకుంటాయి.

ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. జిమ్నీకి ముందూ వెనుకా రెండూ ఈ చక్రం నుంచి ఆ చక్రం వరకు ఒకే దూలంలా ఉండే గట్టి యాక్సిళ్లు, వాటి మధ్య డిఫరెన్షియల్ గుండు (రెండు చక్రాలకూ బలాన్ని పంచే పళ్లచక్రాల పెట్టె) వేలాడుతూ ఉంటుంది. స్పేసర్ పెట్టినా, స్ప్రింగ్ మార్చినా యాక్సిల్ నుంచి పైనున్న ఛాసీ (బండి చట్రం) మాత్రమే లేస్తుంది, యాక్సిల్, దాని గుండు ఉన్నచోటే ఉంటాయి. అందువల్ల ట్రాక్టర్ చాళ్ల మధ్య దిబ్బకు గుండు తగిలేది లిఫ్ట్‌కు (బండి లేపడానికి) ముందు ఎంతో, తరువాతా అంతే. దానిని లేపగలిగింది పెద్ద టైరు ఒక్కటే. అదీ టైరు వ్యాసం పెరిగినదానిలో సగమే. కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైరు వ్యాసం 693 మి.మీ., చాలామంది వేయించుకునే 215/75 ఆర్15 వ్యాసం సుమారు 703 మి.మీ. అంటే గుండు కింద దక్కేది 5 మి.మీ. మాత్రమే. థార్‌లో ముందు డిఫరెన్షియల్ ఛాసీకి బిగించి ఉంటుంది కనుక అది లిఫ్ట్‌తో పాటు లేస్తుంది, కానీ వెనుక యాక్సిల్ సంగతి జిమ్నీ లాంటిదే.

రాతి దారుల్లో లిఫ్ట్ నిజంగా పనికొస్తుంది. జిమ్నీ ఐదు తలుపుల బండికి ముందు కోణం (బంపర్ తగలకుండా ఎక్కగల వాలు) 36, పొట్ట కోణం (పొట్ట తగలకుండా దాటగల దిబ్బ వాలు) 24 డిగ్రీలని తయారీదారు చెబుతారు. పొడవు పెరిగినందువల్ల ఆ పొట్ట కోణమే దాని బలహీనత, ఛాసీ లేస్తే మెరుగుపడేదీ అదే. (కొండపల్లి అడవి రిజర్వు ఫారెస్టు కాబట్టి అనుమతి ఉన్న దారి వరకే వెళ్లాలని ఇక్కడే చెప్పి ఉంచుతున్నాను.) సూర్యలంక ఇసుకలో తిరగడానికే అయితే లిఫ్ట్ మీద డబ్బు పెట్టనవసరం లేదు. టైరులో గాలిని 16–18 పి.ఎస్.ఐ. వరకు దించడం రెండు అంగుళాల లిఫ్ట్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది. బయటికి రాగానే తిరిగి గాలి నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ ఒకటి ఉంటే చాలు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగిన తరువాత, వరదకు తట్టుకోవాలనే ఆలోచనతో బండి లేపించాలనుకునేవారు నాకు చాలామంది తారసపడ్డారు. ఇంజన్ గాలి పీల్చే నోరు లిఫ్ట్‌తో రెండు అంగుళాలు పైకి వెళ్లే మాట నిజమే. యాక్సిళ్లలోకీ, గేర్‌బాక్సులోకీ గాలి వెళ్లే బ్రీదర్ గొట్టాలను పైకి తీసుకువెళ్లకుండా ఆ రెండు అంగుళాలను నమ్ముకుని నీళ్లలోకి దిగితే, బండి బయటికి వచ్చినా ఆయిల్‌లో నీళ్లు చేరతాయి. వరద భయానికి లిఫ్ట్ సరైన ఖర్చు కాదు.

రెండో మెట్టు: బండిని తూయించడం

దీనిని చాలామంది వదిలేస్తారు. నేనూ వదిలేశాను. మన ప్రాంతంలో ఇది ఎంత తేలికో చూడండి: గుంటూరు మిర్చి యార్డు పరిసరాల్లో గానీ, ఆటోనగర్ చుట్టూ గానీ లారీల కాటాలు అడుగడుగునా ఉన్నాయి. బండిని మీరు మామూలుగా ప్రయాణానికి వెళ్లేటప్పుడు ఉండే స్థితిలో, అంటే ట్యాంకు నిండా ఇంధనం, ఎప్పుడూ తీయని సామాను, రికవరీ తాళ్లు, పనిముట్ల పెట్టె అన్నీ ఉంచి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీదికి ఎక్కించి ఒకసారి, మొత్తం బండి ఎక్కించి ఇంకొకసారి తూయించండి. లారీ కాటా 5 లేదా 10 కిలోల మెట్లలోనే చూపిస్తుంది, మన పనికి అది చాలు. రెండింటి తేడా వెనుక యాక్సిల్ మీది బరువు. మొత్తాన్ని ఆర్‌సీలో ఉన్న ఖాళీ బరువుతో పోల్చితే మీరు బండికి శాశ్వతంగా ఎంత తగిలించారో తెలుస్తుంది.

ఆ అంకె చాలామందిని ఉలిక్కిపడేలా చేస్తుంది. ఇనుప బంపర్ ఒక్కటే 40 కిలోలు దాటవచ్చు. ఉక్కు తాడుతో ఉన్న వించి (దిగబడిన బండిని లాగే యంత్రం) 30–40 కిలోలు. పైన క్యారియర్, దాని మీద గుడారం, వెనుక 20 లీటర్ల నీళ్ల డబ్బా వచ్చి చేరితే, సుమారు 1,200 కిలోల జిమ్నీకి అది చిన్న భారం కాదు.

ఆ బరువు స్ప్రింగ్ మీద ఏం చేస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ముందు స్ప్రింగ్ ఒక్కొక్కటి మిల్లీమీటరుకు 25 న్యూటన్ల చొప్పున నొక్కుకుంటుందనుకుందాం. ఇది లెక్క కోసం అనుకున్న అంకె, మీ బండిది వేరుగా ఉంటుంది. ముందు 75 కిలోలు అదనంగా పడితే, 75 ను 9.81 తో హెచ్చవేసి, రెండు స్ప్రింగులు కనుక 50 తో భాగిస్తే సుమారు 15 మి.మీ. వస్తుంది. బండి ముక్కు అంత కిందికి కుంగుతుంది. ఆ స్ప్రింగులకు 15 మి.మీ. స్పేసర్ పెడితే ముక్కు తిరిగి లేస్తుంది, చూడటానికి అంతా సరిగ్గానే ఉంటుంది. కానీ స్ప్రింగ్ మాత్రం అప్పటికే 15 మి.మీ. అదనంగా నొక్కుకునే ఉంది, ఆ మేరకు అది ఇంకా నొక్కుకోగల జాగా తగ్గింది. పైగా పెరిగిన బరువును అదే పాత గట్టిదనంతో మోస్తోంది కాబట్టి గుంటలో పడినప్పుడు ముక్కు ఎక్కువగా ఊగుతుంది. స్పేసర్ ఎత్తును మార్చగలదు, స్ప్రింగ్ బరువు మోసే తీరును మార్చలేదు.

స్ప్రింగ్ గట్టిదనం తీగ మందం మీద ఎంతగా ఆధారపడి ఉంటుందో తెలిస్తే, షాపులో "ఇది కొంచెం లావు సార్, అంతే" అన్న మాటను తేలికగా తీసుకోరు. తీగ వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి గట్టిదనం పెరుగుతుంది. చుట్ల సంఖ్య, చుట్టు వ్యాసం అవే ఉండి, తీగ 12 మి.మీ. నుంచి 13 మి.మీ. అయితే గట్టిదనం సుమారు 38 శాతం పెరుగుతుంది. చేతిలో పట్టుకుంటే తెలియని ఆ ఒక్క మిల్లీమీటరు తేడాతో, ఖాళీ బండి స్పీడ్ బ్రేకర్ల మీద రాయిలా ఎగిరిపడుతుంది. రాళ్ల మీద ఆ గట్టి స్ప్రింగ్ చక్రాన్ని నేలకు ఒత్తకుండా తేలుస్తుంది. బరువు లేని బండికి బరువు స్ప్రింగ్ వేయడం, బరువున్న బండికి స్పేసర్ వేయడమంత పొరపాటే.

నా నిర్ణయం ఇది: శాశ్వతంగా పెరిగిన బరువు ఒక యాక్సిల్ మీద 50 కిలోల లోపు ఉండి, కోరుకునే ఎత్తు 25–30 మి.మీ. దాటకపోతే మంచి స్పేసర్ సరిపోతుంది. అంతకంటే బరువు పెరిగినా, ఎత్తు 40 మి.మీ. దగ్గరికి వెళ్లినా స్ప్రింగులకే వెళ్లాలి. ఈ మధ్యలో ఉన్నవారికి తరువాతి మెట్టు తీర్పు చెబుతుంది.

మూడో మెట్టు: చక్రం ఎంత దిగుతుందో కొలవడం

చక్రం గుంటలోకి వేలాడేటప్పుడు మామూలు ఎత్తు నుంచి కిందికి దిగగలిగే దూరాన్ని డ్రూప్ అంటారు. ఆఫ్‌రోడ్‌లో బండిని ముందుకు లాగేది ఇదే. ఒక చక్రం రాయి ఎక్కినప్పుడు ఎదురు మూలన ఉన్న చక్రం కిందికి దిగి నేలను పట్టుకోలేకపోతే, అది గాలిలో తిరుగుతుంది, బండి ఆగిపోతుంది.

దీనిని ఇంటి దగ్గరే కొలవవచ్చు. చదునైన సిమెంటు నేల మీద, టైర్లలో సరైన గాలితో, బండిని నాలుగైదు సార్లు ముందుకూ వెనక్కూ కదిలించి నిలపండి. చక్రం మధ్య బిందువు నుంచి ఫెండర్ అంచు వరకు నిలువుగా టేపు పెట్టి నాలుగు చక్రాల దగ్గరా కొలత రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి తేడా అంకెలోకి చొరబడుతుంది కాబట్టి చక్రం మధ్య నుంచే కొలవాలి. ఇప్పుడు ఒక మూలన జాకీని ఛాసీ కింద పెట్టి (యాక్సిల్ కింద కాదు) నెమ్మదిగా లేపండి. కింద స్టాండు పెట్టకుండా చేయి పెట్టకండి. టైరు కింద ఒక కాగితం ఉంచి, అది లాగితే సులువుగా వచ్చే క్షణాన ఆపి మళ్లీ కొలవండి. రెండు కొలతల తేడా ఆ చక్రానికి ఉన్న డ్రూప్. పైకి లేచే దూరం తెలియాలంటే బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి లేవకుండా ఆపే) రబ్బరు కొసకూ, అది కొట్టుకునే పళ్లేనికీ మధ్య జాగా కొలవండి. రబ్బరు కొసకు కొద్దిగా గ్రీజు రాసి మీరు మామూలుగా తిరిగే దారిలో ఒకసారి తిరిగి వస్తే, పళ్లేనికి గ్రీజు అంటిందో లేదో చూసి చక్రం అంత దూరం లేస్తోందో లేదో తెలుసుకోవచ్చు.

ఇక అసలు సంగతి. జిమ్నీలో స్ప్రింగ్ వేరు, షాకబ్జార్బర్ వేరు. చక్రం ఎంత కిందికి దిగాలో నిర్ణయించేది షాకబ్జార్బర్ పూర్తిగా సాగినప్పటి పొడవు. మీ బండికి డ్రూప్ 100 మి.మీ. ఉందనుకుందాం. 40 మి.మీ. స్పేసర్ పెట్టి పాత షాకబ్జార్బర్లే ఉంచితే, బండి అంత లేచి నిలబడినందువల్ల అవి అప్పటికే 40 మి.మీ. సాగి ఉంటాయి, మిగిలిన డ్రూప్ 60 మాత్రమే. బండి ఎత్తుగా కనిపిస్తుంది, రాళ్ల మీద మునుపటి కంటే త్వరగా చక్రం ఎత్తేస్తుంది.

నా బండికి జరిగింది అదే. గుంటూరు వైపు వెళ్లే దారిలో ప్రతి స్పీడ్ బ్రేకర్ దిగగానే వెనుక నుంచి "ఠక్" మని ఒక శబ్దం. దిగేటప్పుడే వస్తుంది, ఎక్కేటప్పుడు రాదు. బిగించిన షెడ్డువారు కొత్త రబ్బర్లు సర్దుకుంటున్నాయన్నారు. కొన్ని నెలలకు ఎడమ వెనుక షాకబ్జార్బర్ ఒంటి మీద దుమ్ము తడిసి నల్లని చారలా అంటుకుంది, అది కారిన నూనె. విప్పి చూస్తే పై బుష్ కన్ను ఒకవైపు చిరిగి ఉంది. స్ప్రింగ్‌ను వెలుతురులోకి తీసుకుని తిప్పి చూశాం. పక్కపక్కనున్న రెండు చుట్లు ఒకదానికొకటి ఎదురయ్యే అంచుల మీద మాత్రమే, వేలి గోరంత వెడల్పున నల్ల రంగు రాలిపోయి ఉక్కు తళతళా మెరుస్తోంది. పెద్ద గుంటలో పడిన ప్రతిసారీ ఆ చుట్లు ఒకదానినొకటి కొట్టుకున్నాయన్నమాట. స్పేసర్ తినేసిన 40 మి.మీ. జాగా వల్ల, చక్రం పూర్తిగా పైకి లేచేసరికి స్ప్రింగ్‌కు నొక్కుకునే చోటు మిగలలేదు. బంప్ స్టాప్‌ను కూడా ఆ మేరకు పొడిగించి ఉంటే అలా జరిగేది కాదు. ఆ పొడిగింపు ముక్కలు ఖరీదైనవి కావు, కానీ ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ వేయరు.

ఇక్కడ స్ప్రింగుల పక్షాన కూడా ఒక దాచకూడని నిజం ఉంది. పొడవైన కొత్త స్ప్రింగులు వేసి పాత షాకబ్జార్బర్లే ఉంచినా డ్రూప్ అంతే పోతుంది. డ్రూప్‌ను తిరిగి ఇచ్చేది పొడవైన షాకబ్జార్బర్, స్ప్రింగ్ కాదు. అందువల్ల 40 మి.మీ. దాటిన ఎత్తుకు "ముందు స్ప్రింగులు, డబ్బు సర్దుబాటయ్యాక షాకబ్జార్బర్లు" అన్న వాయిదా పద్ధతిని నేను సిఫారసు చేయను. గట్టిపడిన స్ప్రింగ్ వెనక్కి కొట్టే బలాన్ని పాత షాకబ్జార్బర్ ఆపలేక, గుంట దాటిన తరువాత కూడా బండి రెండు మూడు ఊపులు ఊగుతుంది.

థార్ వంటి బండ్లలో స్పేసర్ వేరుగా ఎందుకు ప్రవర్తిస్తుంది

థార్‌లో స్ప్రింగ్, షాకబ్జార్బర్ ఒకే కూర్పుగా, ఒకదాని చుట్టూ ఒకటి ఉంటాయి. ముందు వైపు అది డబుల్ విష్‌బోన్ చేయి (చక్రాన్ని ఛాసీకి కలిపే జంట కడ్డీల్లో ఒకటి) మీద, చక్రానికి కాస్త లోపలగా నిలుస్తుంది. ఆ చేయి తులాదండంలా పనిచేస్తుంది కనుక కూర్పు పైన 20 మి.మీ. స్పేసర్ పెడితే చక్రం దగ్గర అంతకంటే ఎక్కువ, బండిని బట్టి 30 నుంచి 40 మి.మీ. వరకు లేస్తుంది. స్పేసర్ మందమూ, బండి లేచే ఎత్తూ ఒకటే అనుకుని 50 మి.మీ. ముక్క కొనేవారు చేస్తున్న పొరపాటు ఎంత పెద్దదో దీనివల్ల అర్థమవుతుంది. గట్టి యాక్సిల్ ఉన్న జిమ్నీలో మాత్రం మందమెంతో లేచేదీ దాదాపు అంతే.

ఇందులో రెండు రకాల స్పేసర్లున్నాయి, అడిగి తెలుసుకోండి. కూర్పు నెత్తిన, ఛాసీకి బిగించే చోట పెట్టేది మొదటి రకం. దీనితో స్ప్రింగ్ గుణం గానీ ప్రయాణపు మెత్తదనం గానీ మారవు. కూర్పు మొత్తం కిందికి జరుగుతుంది కాబట్టి చక్రం వేలాడినప్పుడు మునుపటి కంటే కిందికి వెళ్తుంది. అప్పుడు చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ సీవీ జాయింట్ల (వంగుతూనే తిరిగే కీళ్ల) కోణం పెరుగుతుంది, బాల్ జాయింట్లు హద్దు దాకా వంగుతాయి, పై చేయి స్ప్రింగ్‌కు ఒరుసుకునే అవకాశం ఉంటుంది. బిగించిన తరువాత చక్రాన్ని పూర్తిగా వేలాడదీసి, స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి, వేలు దూరేంత జాగా ఉందో లేదో స్వయంగా చూడాలి. రెండో రకం కూర్పు లోపల, స్ప్రింగ్ కొన మీద పెట్టి దానిని ముందే నొక్కి ఉంచేది. ఇది స్ప్రింగ్‌ను గట్టిపరుస్తుందని కొందరు చెబుతారు, అది సరికాదు. గట్టిదనం అదే ఉంటుంది. కదలడం మొదలుపెట్టడానికి కావలసిన బలం పెరుగుతుంది, డ్రూప్ తగ్గుతుంది, నా జిమ్నీలో విన్న ఆ "ఠక్" దీనితోనూ వినిపించే వీలుంది. రెండింటిలో ఒకటి ఎంచుకోవలసి వస్తే నేను మొదటిదే, అదీ తక్కువ మందంలో ఎంచుకుంటాను.

గుంటూరులో ఉండే నా మిత్రుని థార్‌కు పలుచని నెత్తి స్పేసర్లు ముందు వైపు మాత్రమే వేయించాము. బండి మీద బంపర్ లేదు, వించి లేదు. ముక్కు కొద్దిగా కిందికి చూస్తున్నందువల్ల దానిని వెనుకతో సమం చేయడమే అతని కోరిక. వేల కిలోమీటర్లు తిరిగినా ఎక్కడా శబ్దం లేదు, టైర్ల అరుగుదల సమంగా ఉంది. స్పేసర్ ఎవరికి తగునో చెప్పడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ అదే.

స్ప్రింగ్ చుట్ల మధ్యలో దూర్చే రబ్బరు బఫర్లను కూడా లిఫ్ట్ అని అమ్ముతారు. అవి ఒకటి రెండు చుట్లను పని చేయకుండా కట్టేసి, ఆ బరువును మిగతా చుట్ల మీదికి నెడతాయి. నగరంలో తిరిగే కారుకు వాడుకోవచ్చునేమో గానీ, ఆఫ్‌రోడ్ బండికి వాటిని పెట్టించకండి.

నాలుగో మెట్టు: కొనేటప్పుడు అడగవలసినవి

స్పేసర్ అయితే పదార్థం చూడండి. గట్టి పాలియురేథేన్, నైలాన్, అల్యూమినియం మూడూ పనికొస్తాయి. స్ప్రింగ్ కొన కూర్చునే గాడి మీ బండి స్ప్రింగ్‌కు సరిపోయేలా మలచి ఉండాలి. లేత్ మీద గుండ్రంగా తిప్పిన చదును ముక్కను పెట్టించుకోవద్దు, గాడి లేకపోతే స్ప్రింగ్ కొన మెల్లగా తిరిగి పక్కకు జారుతుంది.

స్ప్రింగ్ అయితే మీ కాటా చీటీని అమ్మేవారి ముందు పెట్టండి. మంచి తయారీదారులు ఒకే బండికి బరువును బట్టి రెండు మూడు రకాల స్ప్రింగులు చేస్తారు. మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్లు, ఎంత శాశ్వత బరువుకు ఎంత ఎత్తు వస్తుంది అని అడిగినప్పుడు అంకె చెప్పలేని స్ప్రింగ్‌ను కొనకండి. ముందుకు ఒక రకం, వెనుకకు మరొక రకం కావలసి రావచ్చు. ముందు వించి ఉండి వెనుక ఖాళీగా తిరిగే బండికి నాలుగూ ఒకే వర్గంలో వేయకూడదు. చుట్లు ఒకవైపు దగ్గరగా, మరొకవైపు ఎడంగా ఉండే ప్రోగ్రెసివ్ స్ప్రింగ్ మొదట మెత్తగా, నొక్కేకొద్దీ గట్టిగా ఉంటుంది. వారంలో ఐదు రోజులు ఒంటరిగా ఆఫీసుకు, ఆదివారం నలుగురితో సామానుతో వెళ్లేవారికి అది నప్పుతుంది. ఎప్పుడూ ఒకే బరువుతో తిరిగే బండికి సమాన చుట్ల స్ప్రింగే మేలు.

ధర మాటకు వస్తే స్పేసర్లు కొన్ని వేల రూపాయల్లో అయిపోతాయి, స్ప్రింగులూ షాకబ్జార్బర్లూ కలిసిన కిట్ దానికి అనేక రెట్లు. అయితే జిమ్నీలో స్పేసర్ దూర్చడానికీ స్ప్రింగ్‌ను విప్పవలసిందే కాబట్టి కూలి దాదాపు సమానం. రెండేళ్లలో బంపర్, వించి వేయించే ఆలోచన ఉంటే, ఇప్పుడు స్పేసర్‌కు పెట్టే కూలి, రెండోసారి అలైన్‌మెంట్ ఖర్చు కూడా లెక్కలో వేసుకుని చూడండి.

పక్క భాగాల సంగతి కూడా ఇప్పుడే మాట్లాడుకోవాలి. జిమ్నీలో ఛాసీ లేచేకొద్దీ ముందు యాక్సిల్ తనను ఛాసీకి కలిపే చేతుల మీద కొద్దిగా తిరిగి కాస్టర్ కోణం (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడం మానేస్తుంది, హైవే మీద బండి అటూ ఇటూ వెతుక్కుంటూ పోతుంది. 40 మి.మీ. నుంచి ఇది తెలుస్తుంది, కాస్టర్ సరిచేసే బుష్‌లు అదే రోజు వేయించాలి. యాక్సిల్‌ను పక్కకు జరగకుండా పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్డు కోణం మారి యాక్సిల్ కొన్ని మిల్లీమీటర్లు ఒక పక్కకు జరుగుతుంది, స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది. 50 మి.మీ. దగ్గర పొడవు మార్చుకునే రాడ్డు పెట్టించడం మంచిది. బ్రేక్ హోసులు, ఏబీఎస్ తీగలు చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకోకూడదు.

చట్టం, ఇన్సూరెన్స్

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు ఆర్‌సీ వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని కచ్చితంగా పాటించాలని చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలోని 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. కాబట్టి డబ్బు కట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగండి, ఇన్సూరెన్స్ సంస్థకు మార్పు వివరాలు రాతపూర్వకంగా తెలిపి జవాబు దాచుకోండి. ప్రమాదం జరిగాక సర్వేయర్ కింద పడుకుని చూసి అడిగే దానికంటే ఇది ఎంతో నయం. సస్పెన్షన్ భాగాల వారంటీ మీద దీని ప్రభావం ఏమిటో షోరూములో ముందే అడగాలి.

ఐదో మెట్టు: బిగించే రోజు

థార్ కూర్పులోని స్ప్రింగ్‌ను స్ప్రింగ్‌ను నొక్కి పట్టే సరైన కంప్రెసర్ పనిముట్టు లేకుండా ఎవరినీ విప్పనివ్వకండి. మిల్లీమీటరుకు 25 న్యూటన్ల స్ప్రింగ్‌ను 120 మి.మీ. నొక్కి ఉంచితే, అది 300 కిలోల బలంతో బయటికి దూకడానికి సిద్ధంగా ఉంటుంది. తాడుతో కట్టి విప్పే పద్ధతి కనిపిస్తే బండి వెనక్కి తీసుకుని వచ్చేయండి.

బండి పక్కన నిలబడి మీరు తప్పక చూడవలసిన పని ఇంకొకటి ఉంది. సస్పెన్షన్ చేతుల రబ్బరు బుష్‌ల బోల్టులను బండి జాకీ మీద, చక్రాలు వేలాడుతున్నప్పుడు పూర్తిగా బిగించకూడదు. ఆ రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది. వేలాడే స్థితిలో బిగిస్తే, చక్రం నేలను తాకగానే రబ్బరు మెలి తిరిగి, ఆ మెలికలోనే రోజంతా ఉంటుంది, కొన్ని నెలల్లో చిరుగుతుంది. బోల్టులను వదులుగా తొడిగి, బండిని నేల మీదికి దించి, నాలుగుసార్లు బంపర్ మీద నొక్కి ఊపి, అప్పుడు చక్రాల మీద బరువు ఉండగా టార్క్ రెంచితో (బిగింపును కొలిచే పానాతో) బిగించాలి. నేను చూసిన షెడ్లలో చాలా చోట్ల తొందరలో ఈ ఒక్క పనే జారిపోతుంది. మర్యాదగా అడిగితే ఏ పనివాడూ కాదనడు, ముందే చెప్పాలి అంతే.

ఆ రోజే వీల్ అలైన్‌మెంట్ చేయించి, కాస్టర్, క్యాంబర్, టో అనే మూడు చక్రాల కోణాల కాగితం తీసుకోండి. ముక్కు లేచినందువల్ల హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో కొడతాయి, గోడ మీద వెలుతురు గీత చూసి దించండి. రాక్స్ వంటి ఏడీఏఎస్ (కెమెరాతో డ్రైవర్‌కు తోడ్పడే వ్యవస్థ) ఉన్న బండికి ముందు కెమెరా కాలిబ్రేషన్ అవసరమా అని సర్వీసు కేంద్రంలో కనుక్కోవాలి.

ఆరో మెట్టు: మొదటి వేయి కిలోమీటర్లు

మొదటి రెండు వందల కిలోమీటర్లు నగరంలోనే నడపండి. బరువు కేంద్రం పైకి వెళ్లింది, 1,400 మి.మీ. చుట్టూ ఉన్న జిమ్నీ ట్రాక్ వెడల్పు (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) మాత్రం అంతే ఉంది. హైవే మలుపుల్లోనూ, పక్కగాలిలోనూ మునుపటి వేగం పనికిరాదని చేతులు నేర్చుకోవాలి. 500 కిలోమీటర్లకు ప్రతి బోల్టునూ టార్క్ రెంచితో మళ్లీ చూడాలి. కొత్త స్ప్రింగులు మొదట్లో కొన్ని మిల్లీమీటర్లు సర్దుకుని కిందికి దిగడం సహజం. వేయి కిలోమీటర్లు కాగానే అదే చదును నేల మీద, అదే గాలితో, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు నాలుగు కొలతలూ మళ్లీ తీసి పాత కాగితం పక్కన రాయండి. బండి కట్టుబడిలో ఉన్న చిన్న తేడా మొదటి కొలతల్లోనే కనిపించి ఉంటుంది కాబట్టి, దానిని తీసివేసి చూడండి. ఆ తరువాత కూడా ఎడమ, కుడి మధ్య 10 మి.మీ. మించిన కొత్త తేడా వస్తే, స్ప్రింగ్ కొన గాడిలో కూర్చుందో లేదో టార్చిలైటు వేసి చూడండి. కూర్చునే ఉంటే ఆ స్ప్రింగ్‌ను రశీదుతో సహా అమ్మినవారి దగ్గరికి తీసుకువెళ్లండి.